ఆర్తుని నోరు మూయించు ఆస్తిక్యము

"దేవుడు మంచివాళ్ళకే కష్టాలు పెడతాడమ్మా, తనవాళ్ళనే పరీక్షిస్తాడు" అను మాట వినబడని ఇల్లు చోడవరపు ప్రాంతమున లేదనవచ్చును. పదకొండవనాటి పరామర్శలో, ఆసుపత్రి వరండాలో, గాలివానకు నేలవ్రాలిన చెరకుతోట గట్టున, కోవెల మెట్లకడ, ఆదివారపు ప్రార్థన ముగిసిన చర్చి ఆవరణలో ఈ మాట ఒకే స్వరమున పలుకబడుచుండును; మతభేదముగాని, కులభేదముగాని, కలిమిలేముల భేదముగాని దీనికి లేదు. దుఃఖము భగవత్ప్రేమకు చిహ్నమనియు, ఎవడెంత ప్రియుడో వానికంత పరీక్షయనియు, కావున ఆర్తుడు ప్రశ్నింపక, నిందింపక, విశ్వసించి ఊరకుండవలసినదనియు ఆ మాటలో ఇమిడియున్న సిద్ధాంతము. అది తప్పు. తప్పగుటయే గాక దైవమునకును మానవునకును అపచారము. దేవుడు లేడనువారి పక్షమున చేరి నేనీ మాట చెప్పుట లేదు. ఆయన ప్రేమను నమ్మినవాని పక్షముననే నిలిచి చెప్పుచున్నాను; ఏలయన, ఆ నమ్మకమునకు బయటి శత్రువులవలన కలిగిన హానికంటె ఈ లోపలి ఓదార్పువలన కలిగిన హాని అధికమని నా నిశ్చయము.

ప్రతిపక్షమును పలుచన చేసి చూపి ఖండించుట సులభము. అది న్యాయము గాదు. ఈ అభిప్రాయమునకు గ్రంథబలము లేకపోలేదు. తాననుగ్రహింపదలచినవాని ధనమును మెల్లమెల్లగా హరింతునని భగవంతుడే పలికినట్లు భాగవత దశమస్కంధమున కలదు. కష్టములు తమ్మెడబాయకుండుగాక, అవి యున్నప్పుడే నీ దర్శనము మాకు లభించినదని కుంతి కృష్ణుని ప్రార్థించెను. ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించునని హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో క్రైస్తవులు చదువుకొందురు. గ్రంథముల నటుంచినను, కష్టమున మెత్తబడి, అహంకారము వదలి, పొరుగువాని బాధ తెలిసికొన్నవారు ప్రతి గ్రామమునను కొందరుందురు. ఆ దెబ్బ తగులకున్న తాము మనుష్యులమై యుండకపోదుమని వారు చెప్పుకొన్నచో కాదనుటకు ఎవరికిని అధికారము లేదు. తన గాయమునుండి తాను పాఠము నేర్చుకొనుట ఒకటి. పరుని గాయమును చూచి, ఇది నీకు దేవుడు పంపిన పాఠమని బోధించుట మరియొకటి. నా వివాదమంతయు ఈ రెండవదానితోనే.

1. ఎన్నటికిని ఓడని వాదము

పంట పండిన దేవుడు ప్రేమించెనందురు. పోయిన మరింత ప్రేమించెనందురు. రోగి లేచి కూర్చుండిన అది కరుణ. కన్నుమూసిన, తనయొద్దకు పిలుచుకొన్న కరుణ. ఏది జరిగినను ప్రేమయే యైన పక్షమున, ప్రేమలేని లోకమెట్లుండునో ఈ వాదులు చెప్పగలరా? మనుష్యులను ద్వేషించు దేవుడొకడు ఈ ప్రపంచమును నడపుచున్నను ఇవే సంఘటనలు జరుగవచ్చును, వాని భక్తులును ఇవే మాటలు చెప్పవచ్చును. ఏ సంఘటనయు కాదనజాలని మాటను ఏ సంఘటనయు అవుననియు అనజాలదు. ఓటమి యెరుగని వాదమని దీనిని మెచ్చుకొనువారు, అది యుద్ధమునకే రాలేదన్న సంగతి గమనింపరు.

ఇంతటితో పోయిన బాగుండును. కొట్టుటయే ప్రేమకు గుర్తని పరలోకవిషయమున ఒప్పుకొన్న మనస్సు ఇహలోకమునను దానినే ఒప్పుకొనుటకు సిద్ధపడును. త్రాగివచ్చి కొట్టు భర్తను సహించి యుండుమని, అదియు నీకొక పరీక్షయేయని, ఆడపిల్లకు పుట్టినింటివారే బుద్ధిచెప్పి పంపుట ఎన్ని యిండ్లలో జరుగుటలేదు! ఆ తల్లిదండ్రులు క్రూరులు గారు. దేవుని గూర్చి తాము నమ్మినదానినే అల్లుని గూర్చియు చెప్పుచున్నారు.

2. విఘ్నేశ్వరుని ఊరిలో ఈ మాటయా?

పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ మాసమున అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము స్వయంభూ విఘ్నేశ్వరుని క్షేత్రము. మాడుగుల, రావికమతము, బుచ్చెయ్యపేట పల్లెలనుండి వచ్చి ఆ స్వామియెదుట కొబ్బరికాయ కొట్టువాడు కోరునదేమి? విఘ్నము తొలగవలెనని. పెండ్లికి, గృహారంభమునకు, చెరకు నాటునకు ముందు ఆయనకు మ్రొక్కుట అందుకొరకే. విఘ్నమే భగవంతుడు తనవారికి పంపు కానుకయైనచో, విఘ్ననాశకుని మ్రొక్కుట ఆ కానుకను త్రిప్పిపంపుట కాదా? స్వస్థతాప్రార్థన చేయించుకొను క్రైస్తవుడును ఇదే చిక్కున పడును: జ్వరము ప్రభువు ప్రేమతో ఇచ్చినదని ఒక నోట పలికి, దానిని తీసివేయుమని అదే నోట వేడుకొనుచున్నాడు.

ఈ సిద్ధాంతమును పలుకువారెవ్వరును దానిని ఆచరింపరన్నది గమనింపదగిన విషయము. చెరకునకు ఎఱ్ఱకుళ్ళు సోకినప్పుడు ఈ ప్రాంతపు రైతు చేయునదేమి? దుబ్బును వేళ్ళతో పెరికి కాల్చివేయును. తెగులు సోకిన తోటనుండి విత్తనపు ముచ్చెలను తీయడు. ముచ్చెలను మందునీటిలో ముంచి నాటును. తెగులును తట్టుకొను రకమేదని అనకాపల్లి పరిశోధన కేంద్రము వారి నడుగును. తన చేలోని కుళ్ళును దేవుని పరీక్షయని ఏ రైతును కాపాడుకొనడు. అతడే సాయంకాలము బిడ్డను పోగొట్టుకొన్న పొరుగింటికిపోయి, పరీక్ష అనుకోమ్మా యనును. చెరకునకు లేని వేదాంతము బిడ్డకు మాత్రము ఎట్లు వర్తించెనో అతడు ఆలోచింపడు. గోవాడ చక్కెర కర్మాగారమునకు చెరకు తోలి, బకాయిలకై నెలల తరబడి ఎదురుచూచి, చివరకు రోడ్డెక్కి ధర్నాచేసిన రైతులకు ఎవరైనను పోయి, ఇది మీకు దైవమిచ్చిన సహనపరీక్ష యని చెప్పి చూడవలసినది. రైతులిచ్చు సమాధానము నా వ్యాసముకంటె క్లుప్తముగా నుండును.

3. గాలివాన లెక్క

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు, గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతపు వేగముతో వీచిన గాలికి మహావృక్షములు కూలినవి, విద్యుత్ స్తంభములు వంగినవి, చెరకుతోటలు చాపచుట్టినట్లు పడిపోయినవి. అదియు పరీక్షయేయని నాడు ఎందరో పలికిరి. మంచిది, ఆ పరీక్షను పూర్వపు పరీక్షతో పోల్చి చూతము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మృతులు పదివేల ప్రాంతమున ఉందురు. హుద్‌హుద్ నాడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య పదులలోనే నిలిచెను. 1977 నాటి ఉప్పెన మిక్కిలి ఎత్తైనదనియు, దివిసీమ పల్లపు నేల యనియు నేనెరుగుదును. ఆ భేదమును తీసివేసినను మిగులు భేదము చాల పెద్దది. ఈ ముప్పదియేడేండ్లలో దేవుడు మెత్తబడెనా? ప్రశ్నపత్రమును సులభము చేసెనా? ఉపగ్రహచిత్రములు, రాడారు, రోజుల ముందే అందిన హెచ్చరికలు, పక్కా ఆశ్రయభవనములు, ఆంధ్ర ఒడిశా తీరములనుండి లక్షలమందిని ముందుగనే తరలించిన యంత్రాంగము, ఇవి ఆ ప్రాణములను కాచినవి. దివిసీమలో నాటివారు కూలిన పూరిగుడిసెలవలన, అందని హెచ్చరికవలన మరణించిరే గాని, అధికముగా ప్రేమింపబడినందువలన కాదు.

ఇక మనుష్యులు చేసిన విపత్తులయెడ ఈ మాట అపచారమును దాటి నేరమునకు తోడ్పాటగును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమునకు చేరువలోని ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము విచారించి, నిలువతొట్టిలో ఉష్ణోగ్రతను అదుపు చేయు ఏర్పాటులు చాలలేదనియు, ప్రమాదసూచక సైరనును మ్రోగింపనేలేదనియు తేల్చెను. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురము ఆర్థికమండలిలో ఒక ఔషధ కర్మాగారమున ద్రావకపు ఆవిరి పేలి 17 మంది పోయిరి. ఈ ఇండ్లకును పరామర్శకులు వెళ్ళిరి. ఈ ఇండ్లలోను 'దేవుడు మంచివాళ్ళనే' అను మాట వినబడియే యుండును. కారణమును పైలోకమునకు పంపివేసినపుడు బాధ్యుడు క్రిందిలోకమున సుఖముగా నిద్రించును. మ్రోగని సైరను గూర్చి అడుగవలసిన నోటిని భగవంతుని చిత్తమను మాటతో మూసినవాడు, తాను తెలియకయే, ఆ సైరనును మ్రోగింపనివానికి సాక్షిగా నిలిచినవాడు.

ఈ తర్కము ఎంతటివారినైనను దారి తప్పించునని చెప్పుటకు 1934 నాటి వృత్తాంతము చాలును. ఆ జనవరిలో బీహారును భూకంపము నేలమట్టము చేయగా, అది అస్పృశ్యతాపాపమునకు దైవమిచ్చిన దండనయని మహాత్ముడు పలికెను. అస్పృశ్యతను తానును నిరసించుచున్న రవీంద్రనాథుడు ఆ మాటను ఖండించుచు వ్రాసెను: భౌతికవిపత్తులకు కారణములు భౌతికములేయనియు, ఈ రీతి వాదము మహాత్మునికంటె ఆయన ప్రతిపక్షులకే బాగుగా అమరుననియు, వారు ఆ భూకంపమును మహాత్ముని ఉద్యమమునకే శిక్షయన్నచో ఆశ్చర్యపడ నక్కరలేదనియు ఆయన భావము. మహాత్ముడన్నది దండన, మనవారనునది పరీక్ష. తాళము మారినది గాని రాగము మారలేదు. విపత్తునుండి దైవాభిప్రాయమును చదువగలమనుకొన్న మరుక్షణము ఎవని ఇష్టము వచ్చిన అభిప్రాయమును వాడు చదువును. రవీంద్రుని సమాధానమునకు తొంబదియేండ్ల తరువాతను నిలువదగిన ఎదురు సమాధానము రాలేదు.

4. పరీక్ష ఎవరిది? ప్రాణమెవరిది?

సర్వజ్ఞునికి పరీక్షతో పనియేమి యని అడిగిన, పరీక్ష ఆయనకొరకు గాదు, మన బలము మనకు తెలియుటకని బదులు చెప్పుదురు. పెద్దవాని విషయమున ఈ బదులు కొంత నిలుచును. పాడేరు మన్యమున సికిల్ సెల్ వ్యాధితో పుట్టిన బిడ్డ విషయమున? తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, లోపముగల జన్యువులు రెండు కలిసివచ్చుటచే ఆ బిడ్డ రక్తకణములు కొడవలి వంపు తిరుగును. అవి సన్నని నాళములలో అడ్డుపడినప్పుడెల్ల ఎముకలు విరుగుచున్నట్లు నొప్పి లేచును. ఆ జన్యువే ఒక్కటిగా వచ్చినవానికి మలేరియానుండి కొంత రక్షణ నిచ్చును. మలేరియా ప్రబలిన అడవిసీమలలో అది తరతరములుగా నిలిచియుండుటకు అదియే హేతువు. ఇందు దండన ఎక్కడ? పరీక్ష ఎక్కడ? మూడేండ్ల పసివాడు నొప్పిచే గిలగిల కొట్టుకొనుచు తన ఆత్మబలమును కనుగొనునా? కనుగొనడు. అట్లయిన పరీక్ష తల్లిదండ్రులకందురు. అనగా ఒకరి ఓర్పును కొలుచుటకు మరియొకరి ఎముకలను సాధనముగా చేసికొను దేవుని మన ముందు నిలుపుచున్నారన్నమాట. ఏ బడిపంతులైనను ఇట్లు చేసినచో గ్రామస్థులు ఊరుకొందురా? మనుష్యునియందు క్రౌర్యమని పిలుచుదానిని దేవునియందు ప్రేమయని పిలుచుట భక్తి గాదు, ముఖస్తుతి. ఆ బిడ్డకు హైడ్రాక్సీయూరియా మాత్ర సకాలమున అందిన నొప్పి తాకిడులు తగ్గును. ఆ మాత్రను మన్యపు గూడెమునకు చేర్చిన ఆరోగ్యకార్యకర్త దైవచిత్తమునకు అడ్డుపడెనా, దానిని నెరవేర్చెనా? ప్రతివాదులు ఈ ఒక్క ప్రశ్నకు బదులిచ్చిన చాలును.

5. గ్రంథములు నిజముగా చెప్పునదేమి?

గ్రంథబలమును మొదటనే ఒప్పుకొంటిని. ఇప్పుడు దానిని పరిశీలింతును. కుంతి కష్టములను కోరినది తనకొరకు, తన నోటితో, కష్టములు గడచిన పిమ్మట. ద్యూతసభలో జుట్టుపట్టి ఈడ్వబడిన కోడలియొద్దకు పోయి, ఇది నీపై కృష్ణునికి గల ప్రేమయని ఆమె చెప్పలేదు. భారతమున ఎవ్వరును చెప్పలేదు. వనవాసమున కృష్ణుడు చూడవచ్చినప్పుడు ద్రౌపది పలికిన పలుకులు వ్యాసభారత అరణ్యపర్వమున నున్నవి: తనకు భర్తలు లేరు, పుత్రులు లేరు, తండ్రి లేడు, సోదరులు లేరు, చివరకు నీవును లేవని ఆమె ఆయన ముఖముననే అనెను. మన పరామర్శకులలో ఎవరైన అచట నుండినచో, తప్పమ్మా, అట్లనరాదు, ఆయన నిన్ను పరీక్షించుచున్నాడని వెంటనే సర్దిచెప్పియుందురు. కృష్ణుడు సర్దిచెప్పలేదు. తాను సాళ్వునితో యుద్ధమున చిక్కుకొని దూరమున నుంటిననియు, దగ్గర నున్నచో పిలువకున్నను వచ్చి ఆ జూదమును ఆపియుందుననియు పాండవులతో చెప్పెను. అనగా ఆ దుఃఖము తాను పంపినది కాదని, తాను దానికి విరోధినని ఆయనయే పలికెను. ఆస్తికులు ఇంతకంటె స్పష్టమైన దైవవాక్యమును ఎక్కడ వెదకుదురు? ఆ పిమ్మట ద్రౌపది ధాతనే నిందించి, లోకమును బొమ్మలాట చేసినాడని ఆక్రోశించెను. ధర్మరాజు దానిని నాస్తిక్యమని మందలించిన మాట వాస్తవమే. కాని నిందించిన ఆ ద్రౌపదియే కృష్ణునికి తుదివరకు సఖియై నిలిచినది.

యోబు కథ పరీక్షతోనే మొదలగును గదా యని క్రైస్తవ మిత్రులు అడ్డువత్తురు. నిజమే. అయితే ఆ సంగతి చదువరికి తెలియునే గాని యోబునకు తెలియదు, అతని స్నేహితులకు తెలియదు, దేవుడు తుదివరకు అతనికి దానిని చెప్పనులేదు. మువ్వురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతనితో నేలపై మౌనముగా కూర్చుండిరి; వారు చేసిన మంచిపని అదొక్కటియే. నోరు తెరచి దైవన్యాయమును వివరింప మొదలిడిన తరువాత వారి మాటలన్నియు నేడు మన వీధులలో వినబడు మాటలే. చివరకు దేవుడు కోపించినది పుట్టిన దినమును శపించుకొని, తనతో వాదమునకు దిగిన యోబుపై గాదు. తన పక్షమున మాటలాడిన ఆ స్నేహితులపై. తన్ను గూర్చి వారు యుక్తమైనది పలుకలేదనెను. సిలువపై క్రీస్తు, నన్నేల విడిచితివని అరచిన కేకను అవిశ్వాసమని ఏ పాస్టరు అనగలడు? లాజరు సమాధికడ ఆయన ఉపన్యసించినట్లు లేదు, కన్నీరు విడిచెను.

మన తెలుగునాట సాక్ష్యమునకు కరవా? మొసలి నోటబడిన గజేంద్రునిచేత పోతన భగవంతుని ఉనికినే సందేహింపజేసెను. వైకుంఠమునుండి పరుగెత్తివచ్చినవాడు, సందేహించితివేలయని ఏనుగు నడుగలేదు. గోలకొండ చెరలో కంచర్ల గోపన్న, రాముని సొమ్ములకైన వ్యయమును ఒక్కొక్కటిగా లెక్కచెప్పి, ఎవరి అబ్బసొత్తని కులుకుచున్నావని గద్దించినంత పనిచేసెను. పరీక్షయని తలచి ఊరకుండినచో ఆయన కీర్తనలలో సగము పుట్టియుండవు. ఆ గద్దింపును మనము భద్రాచలమున భక్తియని పాడుకొందుము. అదే గద్దింపు కొడుకును పోగొట్టుకొన్న తల్లి నోట వచ్చిన, కళ్ళు పోతాయని భయపెట్టుదుము. వినువాడున్నాడను నమ్మకము లేనివాడు ఎవనితోను దెబ్బలాడడు. ప్రశ్నింపని ఓర్పు చాలసార్లు విశ్వాసము గాదు, ఆశ వదలుకొనుట.

6. "ఓదార్పును లాగివేయుదువా?"

చివరి ఆక్షేపణ ఇది: తర్కమెట్లున్నను ఆ మాట బాధలోనున్నవానికి ఊరట నిచ్చునుగదా, దానిని లాగివేసిన వానికి మిగులునదేమి? ఊరట ఎవరికో సరిగా చూడవలెను. అకారణముగా ఒక ఇల్లు కూలినదన్న, రేపు మన ఇల్లును కూలవచ్చునను భయము పరామర్శకుని పట్టుకొనును. కారణమును కల్పించిన ఆ భయము తీరును, వాడు నెమ్మదిగా ఇంటికి పోయి భోజనము చేయును. ఆర్తునికి మిగులునది రెండవ బరువు: పోయిన బిడ్డకొరకు ఏడ్చుట చాలక, ఏడ్చినందుకు పాపభయము. తాను దేవుని ప్రేమకు పాత్రుడనైన ఇంత బాధపడరాదేమో యని తన దుఃఖమును తానే అనుమానించుకొనును. కొందరు ఈ బరువు మోయలేక దేవునితో మాటలాడుటయే మానివేయుదురు. వారిని నాస్తికులు దూరము చేయలేదు.

కష్టమేల వచ్చినదని అడిగినవానికి, తెలియదని చెప్పుట ఆస్తికుని నమ్మకమునకు లోటు గాదు. భగవంతుడు కష్టమును పంపెనని నమ్ముట వేరు, కష్టములో విడువడని నమ్ముట వేరు. మొదటిది లేకయే రెండవది నిలుచును, మొదటిది తోడైన రెండవది కుంటుపడును. కొట్టినవానియొద్దకే ఓదార్పునకు పొమ్మనుట ఎవరికిని హితబోధ కాదు. హుద్‌హుద్ గడచిన మరునాటినుండి ఇతర జిల్లాల విద్యుత్ సిబ్బంది వచ్చి చీకటిలోనున్న ఊళ్ళలో స్తంభములు నిలిపిరి. దైవప్రేమ ఆనాడు గాలిలో నుండెనా, తీగలాగిన ఆ చేతులలో నుండెనా యని అడిగిన నా సమాధానమున సందిగ్ధము లేదు. గాలిని ప్రేమయనువారు ఆ చేతులను ఏమందురో వారే చెప్పవలెను.

కావున అర్చకులకు, పాస్టరులకు, ఊరి పెద్దలకు నా విన్నపమిది. చావు జరిగిన ఇంటికి పొండు. వంట చేసి పట్టుకొనిపొండు. ఆ తల్లి దేవుని తిట్టిన తిట్టనిండు. నష్టపరిహారపు కాగితము వ్రాయవలసియున్న వ్రాసిపెట్టుడు. కర్మాగారపు విచారణ ఏమైనదో కలెక్టరు కచేరికి పోయి వారితోపాటు అడుగుడు. దేవుడు పరీక్షించుచున్నాడను మాటను మాత్రము ఆ గడప దాటనీయకుడు. దానిని అనక ఉండలేనివారు పరామర్శకు పోకుండుటయే ఆ ఇంటికి మేలు.